పాతబడని మాట

సుభాషిణి నిద్రపోయి ఆరేళ్ళయింది. అందుకు ఆమె బాధపడిన రోజు ఒక్కటీ లేదు. చెవి వెనక, చర్మం కింద, బియ్యపు గింజంత యంత్రం ఒకటి ఆమెకు ఉంది. దాన్ని తయారుచేసిందీ, మొట్టమొదట పెట్టించుకున్నదీ ఆమే. విశాఖపట్నంలో రుషికొండ దాటాక, సముద్రానికి ఎదురుగా ఉన్న అనిమేష పరిశోధనశాలలో ఆమె ముఖ్య శాస్త్రవేత్త. రెప్ప వాల్చని దేవతల పేరు ఏరి సంస్థకు పెట్టుకున్నది యజమాని వామనమూర్తి. వాడేవాళ్ళు మాత్రం ఆ యంత్రాన్ని ఉత్త 'గింజ' అనేవారు.

గింజ ఏం చేస్తుందని ఎవరడిగినా సుభాషిణి ఇల్లు ఊడ్చే పనితో పోల్చి చెప్పేది. మామూలు మనుషులు ఇల్లంతా దీపాలార్పి ఒక్కసారే ఊడ్చుకుంటారు. అదే నిద్ర. అలా కాక ఒక్కో గది ఆర్పి, ఊడ్చి, మళ్ళీ వెలిగించి పక్క గదిలోకి వెళితే ఇల్లు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. మెదడులో గింజ చేసే పని అదే. అరవై రెండు మంది దాన్ని పెట్టించుకుని పగలూ రాత్రీ మెలకువగా తిరుగుతున్నారు. రాత్రి డ్యూటీ డాక్టర్లు, ఓడరేవులో క్రేన్లు నడిపేవాళ్ళు, అంబులెన్సు డ్రైవర్లు. ఒక్కరికి కూడా రక్తపోటు పెరగలేదు, మతిమరుపు రాలేదు, చెయ్యి వణకలేదు. ఇంకో మూడు నెలల్లో గింజ బజారులోకి రాబోతోంది.

అలాంటి రోజుల్లో, ఒక మంగళవారం ఉదయం, ఆరునెలలకోసారి జరిగే పరీక్షకు పైడిరాజు వచ్చాడు. పాడేరు ఘాట్ రోడ్డు మీద అంబులెన్సు నడుపుతాడు. గింజ పెట్టించుకుని అయిదేళ్ళు. వేలికి తీగలు తగిలించుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"ఎలా ఉన్నావు పైడిరాజూ?"

"బాగున్నాను మేడమ్ గారూ. ఒళ్ళు బాగున్నాది, పనీ బాగున్నాది."

పరీక్షలో చివరి ప్రశ్న అందరికీ ఒకటే. మనసుకు కష్టం కలిగించిన సంగతి ఒకటి చెప్పమంటారు. చెబుతున్నప్పుడు గుండె ఎలా కొట్టుకుంటుందో తెర మీద గీతగా పడుతుంది. పైడిరాజు చెప్పడం మొదలుపెట్టాడు. నొప్పులు పడుతున్న ఒక గిరిజన అమ్మాయిని బండిలో ఎక్కించుకున్నాడు. వంట్లమామిడి దగ్గర కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. రాళ్ళు తీసేసరికి గంటన్నర. ఆ అమ్మాయి బండిలోనే పోయింది. పోయేముందు అతని చొక్కా పట్టుకుంది.

"ఇక్కడ పట్టుకున్నాది," అని చొక్కా అంచు చూపించి, పెద్దగా ఏడ్చేశాడు.

సుభాషిణి నీళ్ళిచ్చింది. అయ్యో, మొన్నీమధ్యే జరిగినట్టుందే అనుకుని, "ఎప్పుడు జరిగిందిది?" అంది.

"నాలుగేళ్ళు దాటిపోనాది. మా ఆవిడ నాతో మాటాడ్డం మానేసినాది మేడమ్ గారూ. ఆయమ్మ మొగుడే మళ్ళీ పెళ్ళి సేసుకున్నాడు, నువ్వేటి ఇంకా అని ఇసుక్కుంటాది. నానేటి సెయ్యను? నాకు ఇయ్యాళే జరిగినట్టుంటాది. రోజూ ఇయ్యాళే."

అతను వెళ్ళాక ఆమె పాత ఫైలు తెరిచింది. నాలుగేళ్ళ కిందట, ఆ సంఘటన జరిగిన వారానికి, అతను ఇదే గదిలో ఇదే కథ చెప్పాడు. ఆనాటి గీతనూ ఇవాళ్టి గీతనూ ఒకదాని మీద ఒకటి పెట్టింది. రెండు గీతలు కనబడలేదు. ఒకటే కనబడింది.

ఇది యంత్రం తప్పేమోనని మరో మనిషి ఫైలు తీసింది. తర్వాత మరొకరిది. ఆరేళ్ళుగా ఆమె రక్తం చూసింది, కంటిచూపు చూసింది, లెక్కలు చేయించి తెలివి చూసింది. చివరి ప్రశ్నకు వచ్చిన జవాబులను మాత్రం ఒక ఏడాదిది పక్కన పెట్టి మరో ఏడాదిది ఎన్నడూ చూడలేదు. సాయంత్రం అయ్యేసరికి అరవై ఒక్కరివీ చూసింది. నలభై ఒక్కరు, గింజ పెట్టించుకున్న తర్వాత, దగ్గరివాళ్ళలో ఎవరో ఒకరితో తెగతెంపులు చేసుకున్నారు. అన్నతో, స్నేహితుడితో, భార్యతో. వాళ్ళ గీతలు ఏళ్ళు గడిచినా ఇసుమంత కూడా కిందికి దిగలేదు.

అరవై రెండో ఫైలు ఆమెదే. దాన్ని మాత్రం తెరవకుండా ఇంటికి వెళ్ళింది.

మధురవాడలో వాళ్ళది రెండో అంతస్తు. భర్త విశ్వేశ్వర్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఆమె వెళ్ళేసరికి వంటింట్లో పీట మీద కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తున్నాడు. గడపలో అడుగుపెట్టి అతన్ని చూడగానే, ప్రతిరోజూ జరిగినట్టే, ఆమెకు ఆ మాట వినబడింది.

అయిదేళ్ళ కిందటి మాట అది. కూతురు చారుమతి అప్పుడు మూడో తరగతి. మేడమెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. సుభాషిణి ఆ సమయానికి పరిశోధనశాలలో ఉంది, ఫోను బల్ల మీద మోగీ మోగీ ఆగిపోయింది. ఆసుపత్రి వరండాలో విశ్వేశ్వర్ అన్నాడు, "ఇరవై నాలుగ్గంటలూ మెలకువగా ఉంటావు. పిల్ల పడినప్పుడు మాత్రం లేవు" అని. ఆనాటినుంచి ఆమె అతనితో అవసరమైనవే మాట్లాడుతోంది. పాలు, ఫీజులు, గ్యాసు బండ. తనది మరిచిపోయే స్వభావం కాదని, ఆత్మాభిమానం గల మనిషినని, అందులో ఆమెకు కొంత గర్వం కూడా ఉండేది.

ఆ రోజు చేతిసంచి కూడా దించకుండా అడిగింది. "చారు చెయ్యి విరిగిన రోజు మీరు నన్నొక మాటన్నారు, గుర్తుందా?"

విశ్వేశ్వర్ కత్తి పక్కన పెట్టి ఆలోచించాడు. "ఏం మాట?"

ఆమె చెప్పింది.

"అన్నానా?" అన్నాడతను. తర్వాత ముఖం మారింది. "అవును, అన్నాను. భయంలో ఉన్నాను సుభా. మర్నాడు పొద్దున్నే తప్పయిందని చెప్పాను కూడాను. నువ్వు సరేలెండి అన్నావు."

"చెప్పారు. మీకు మర్నాడు వచ్చింది. నాకు ఇంకా రాలేదు."

అతనికి అర్థం కాలేదు. ఆమె పీట ఎదురుగా నేల మీదే కూర్చుని, పైడిరాజు చొక్కా అంచు దగ్గర్నుంచి మొత్తం చెప్పింది. లెక్కల మాస్టారు గనక అతను మధ్యలో ఒకే ప్రశ్న వేశాడు. "నీ గీత చూసుకున్నావా?"

మర్నాడు చూసుకుంది. తీగలు తగిలించుకుని, ఆ మాట తలుచుకుని, తన ఫైలులోని అయిదేళ్ళనాటి గీత మీద కొత్తది పెట్టింది. ఒకటే గీత.

పొరపాటు ఎక్కడుందో తెలియడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. ఇల్లు ఊడ్చే పోలిక ఆమె పెట్టుకున్నదే, ఆ పోలికలోనే ఒక పని వదిలేసింది. ఇల్లంతా చీకటైనప్పుడు ఊడ్చడం ఒక్కటే జరగదు. అన్ని గదుల తలుపులూ ఒకేసారి తెరుచుకుని, పగటి సామాను ఒక గదిలోంచి మరో గదికి మోసుకుపోయి, చివరికి అటక మీదికి చేరుతుంది. ఒక్కో గదీ విడిగా ఆర్పితే తలుపులు తెరుచుకోవు. ఊడ్చడం అవుతుంది గానీ సామాను కదలదు. ఆరేళ్ళుగా ఏదీ అటకెక్కలేదు.

వామనమూర్తి మంచి మనిషే. చెప్పింది పూర్తిగా విన్నాడు. విని, "దీనికి ఇంకో సంకేతం చేర్చలేమా?" అన్నాడు. "పాత బాధ తలుచుకున్నప్పుడు గుండె వేగాన్ని తగ్గించేది. నీకది వారం పని."

"వారం కూడా అక్కర్లేదండీ. కానీ ఎవరైనా రోడ్డు మీద పడి ఉన్నా గుండె అలాగే తగ్గుతుంది. పైడిరాజు బండి అంత జాగ్రత్తగా నడిపేది ఆ బాధ తెలుసు గనకే. బాధ ఉండాలి. దానికి వయసు రావాలి."

"మరి ఏం చేద్దామంటావు?"

"నాది తీయించేస్తాను. నిద్ర వస్తుందో లేదో, వస్తే గీత దిగుతుందో లేదో చూస్తాను. అప్పటిదాకా బజారు మాట వద్దు."

ఆయన చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది. అక్కడ ఆయనకూ గింజ ఉంది. "రెండు నెలలు," అన్నాడు.

సంగతి తెలిసి పైడిరాజు తనదీ తీసేయమన్నాడు. ఇద్దరికీ ఒకే రోజున, చెవి వెనక చిన్న కోత పెట్టి, తీశారు. ఆ పని చూసింది డాక్టర్ రహమతున్నీసా. అరవై దాటిన మనిషి, నిద్రరోగాల వైద్యంలో ముప్పై ఏళ్ళ అనుభవం. గింజ కనిపెట్టిన రోజునే "ఇది నాకు నచ్చలేదమ్మా, ఎందుకో చెప్పలేను" అన్నది ఆవిడ ఒక్కతే.

"నిద్రమాత్ర రాసివ్వండి, మొదటి వారం గడుస్తుంది," అంది సుభాషిణి.

"ఇవ్వను. గింజ పెట్టుకున్న మెదడుకి మాత్ర వేస్తే ఇల్లు చీకటవుతుంది, నిజమే. సామాను మోసేవాళ్ళు కూడా పడుకుంటారు. నీ పోలికే కదా, నీకే చెబుతున్నా. మీ ఇద్దరూ నిద్ర నేర్చుకోవాల్సిందే."

"నేర్చుకోవడానికి ఇదేమైనా ఈతా డాక్టరుగారూ?"

"ఈతకంటే తేలిక. నీళ్ళు మింగే పనిలేదు." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పొద్దున అయిదున్నరకి లేవాలి. ఎప్పుడు పడుకున్నా, అసలు పడుకోకపోయినా, అయిదున్నరకే. లేచి వెలుతురులోకి వెళ్ళాలి. పగలు కునుకు లేదు. మధ్యాహ్నం తర్వాత కాఫీ లేదు. రాత్రి పన్నెండు లోపల మంచం ఎక్కకూడదు. ఎక్కాక నిద్ర రాకపోతే దిగిపోవాలి. దొర్లకూడదు. మంచం మీద దొర్లడం అలవాటైతే మంచం చూడగానే దొర్లబుద్ధే పుడుతుంది."

మొదటిరోజు పన్నెండుకు సుభాషిణి పడకగదిలోకి వెళ్ళింది. ఆరేళ్ళలో ఆ మంచం మీద ఆమె వైపు ఇస్త్రీ బట్టలు పేర్చుకోవడం అలవాటైంది. విశ్వేశ్వర్ వాటిని తీసి, కొత్త దుప్పటి పరిచి ఉంచాడు. ఆమె పడుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కన పెట్టుకుంటే ఆసుపత్రిలో ఉన్నట్టుంది, కడుపు మీద పెట్టుకుంటే శవంలా ఉంది. పక్కన భర్త గురక మొదలైంది. ఎంతసేపైందో తెలియదు. పడకగదిలో గోడ గడియారం రహమతున్నీసా ముందే తీయించేసింది. లేచి హాల్లోకి వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

కుర్చీలో కూర్చుని చెయ్యడానికి విసుగుపుట్టే పనేదైనా పెట్టుకోమన్నారు. ఆమె వెల్లుల్లి ఎంచుకుంది. రేకలు ఒలుస్తూ, రెప్పలు బరువెక్కగానే మంచం దగ్గరికి వెళ్ళేది. తల ఆనించగానే మెలకువ వచ్చేసేది. మళ్ళీ కుర్చీ. మొదటి వారం ఆమెకు దక్కింది ముక్కలు ముక్కలు నిద్ర. పది నిమిషాలు, అరగంట, ఉలిక్కిపడి లేవడం. ఇంట్లో వెల్లుల్లి కారం మూడు సీసాలైంది. చారుమతి బాక్సులో రోజూ అదే వెళ్ళింది.

తెల్లవారాక తల్లీకూతుళ్ళిద్దరూ సముద్రం ఒడ్డుకు నడిచేవారు. చారుమతికి పదమూడేళ్ళు, తొందర నడక. మొదట్లో తల్లి ముందుండేది, తర్వాత వెనకబడేది, వారం తిరిగేసరికి కాళ్ళీడ్చుకుంటూ నడిచేది.

"అమ్మా, నువ్వు నడుస్తూ నిద్రపోతున్నావు," అంది చారుమతి ఒకరోజు.

"మంచిదే కదా."

"ఇక్కడ కాదు, మంచం మీద."

సుభాషిణి చేసిన తప్పు ఇంకొకటుంది. ఇంజనీరు బుద్ధి గనక నిద్రను కొలిచే పట్టీ ఒకటి మణికట్టుకు కట్టుకుంది. లేవగానే అంకెలు చూసుకునేది. గంటా నలభై. గంటా పదకొండు. రెండు గంటల మూడు నిమిషాలు. అంకె తగ్గిన రోజు ఇక ఆ రాత్రి ఎలా గడుస్తుందోనని పగలంతా లెక్కలు వేసుకునేది. రహమతున్నీసా అది చూసి, చెయ్యి చాపి, పట్టీ విప్పించుకుని తన సంచిలో వేసుకుంది.

"వీధి తలుపు తీసి గుమ్మంలో కాపలా కూర్చుంటే వచ్చే చుట్టం కూడా మొహమాటపడి వెళ్ళిపోతాడు. నువ్వు లోపల నీ పని చూసుకో. వాడే వస్తాడు."

ఇంకో పని కూడా చెప్పింది. సాయంత్రం ఏడింటికి ఒక పుస్తకం తీసి, రేపు చెయ్యాల్సినవీ, ఇప్పటికిప్పుడు తేలనివీ అందులో రాసి మూసెయ్యమంది. పన్నెండుకి అవే వచ్చి పక్కన కూర్చుంటే, మీ చీటీ రాసి పెట్టానని చెప్పి పంపెయ్యమంది. సుభాషిణికిది పిల్లల ఆటలా తోచింది. అయినా రాసింది. మొదటిరోజు నాలుగు పేజీలైంది.

పదకొండో రోజు ఆమె ఓడిపోయింది. ఆ ముందు రాత్రి అసలు కన్నంటలేదు. పొద్దున పరిశోధనశాలలో ఒక చిన్న కూడిక తప్పింది, మళ్ళీ చేస్తే మళ్ళీ తప్పింది. ఆరేళ్ళుగా ఎన్నడూ తప్పని మనిషి. మధ్యాహ్నం గది తలుపు వేసుకుని అలమారా తెరిచి, గాజుపెట్టెలోంచి కొత్త గింజ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది. పెట్టే మనిషి పక్కగదిలోనే ఉన్నాడు. పది నిమిషాల పని. పెట్టించుకుంటే ఈ సాయంత్రానికి తల తేటపడుతుంది. గీత దిగకపోతే ఏమైంది, అయిదేళ్ళు బతకలేదా అనుకుంది.

అప్పుడే పైడిరాజు ఫోను చేశాడు.

"మేడమ్ గారూ, పడుకున్నారేటి?"

"పగలు పడుకోకూడదు కదా పైడిరాజూ. నీకెలా ఉంది?"

"నాకు మొన్నటిదాకా పడుకోవాలంటేనే బయవేసింది. కళ్ళు మూస్తే ఆయమ్మ వస్తాదని. కుర్చీలోనే కూర్చుండిపోయీవోణ్ణి. రహమతమ్మ గారు తిట్టినారు. నిన్న రాత్రి పడుకున్నాను. వచ్చినాది."

సుభాషిణి అరచెయ్యి మూసింది. "వచ్చి?"

"బండిలోనే ఉన్నాది. నాను తోల్తన్నాను. మద్దిలో మా మేనత్త ఎక్కినాది, ఓ మేకపిల్ల ఎక్కినాది, ఏటేటో మాటాడుకుంతన్నారు. ఆ కొండరాళ్ళ కాడికి వచ్చేసరికి ఆయమ్మ నా భుజం తట్టి, ఇక్కడ ఆపు బాబూ, నాను నడిసెల్లిపోతాననీసి దిగిపోనాది. నాను లెగిసి ఏడిసినాను. కానీ మేడమ్ గారూ, అది యేరే ఏడుపు. ఏడిసినాక ఆకలేసినాది. మా ఆవిణ్ణి లేపి, సద్దన్నం పెట్టమన్నాను. ఆవిడ కూడా కూర్చున్నాది."

"ఎంతసేపు పడుకున్నావు?"

"నాకేటి తెలుసు, గడియారాలు తీయించేసినారు కదా. లెగిసేసరికి కోడి కూస్తంది."

ఫోను పెట్టేశాక ఆమె గింజను గాజుపెట్టెలో పెట్టి, పెట్టె తాళం పైఅంతస్తులో వామనమూర్తి గదిలో ఇచ్చి వచ్చింది. ఆ సాయంత్రం పుస్తకంలో ఆమె రాసింది ఒక్క వాక్యమే. పైడిరాజు గీత రేపు తీయాలి.

గీత దిగింది. ఎంతో కాదు, చిటికెన వేలి మందం. నాలుగేళ్ళలో మొదటిసారి. తెర మీద రెండు గీతలు విడివిడిగా కనబడినప్పుడు రహమతున్నీసా కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకుంది.

ఆ తర్వాత సుభాషిణి మొండిగా చేసింది. ఫోను వంటింట్లో వదిలేసింది. రాత్రి భోజనం ఎనిమిదికే ముగించింది. పదిన్నరకు పెద్ద దీపాలు ఆర్పేసి హాల్లో చిన్నది ఒకటి ఉంచింది. ఆ గంటన్నరా చెయ్యడానికి ఏమీ లేక, విశ్వేశ్వర్‌తో పాటు బాల్కనీలో కూర్చునేది. మొదట ఇద్దరూ మాట్లాడలేదు. నాలుగోరోజు అతను కాలేజీలో ఒక కుర్రాడు వర్గమూలానికి ఇచ్చిన నిర్వచనం చెప్పాడు. ఆమె నవ్వింది. నవ్వుతుంటే కూడా ఆ పాత మాట లోపల ఉంది. ఉన్నా నవ్వింది.

పదిహేడో రాత్రి పన్నెండు గంటలకు మంచం ఎక్కింది. చేతుల సంగతి ఆలోచించలేదు. తర్వాత ఆమెకు తెలిసిందల్లా, ఆసుపత్రి వరండాలో బారుగా మజ్జిగ కుండలు పెట్టి ఉన్నాయనీ, విశ్వేశ్వర్ డాక్టర్లందరినీ బెంచీల మీద కూర్చోబెట్టి సుద్దముక్కతో గోడ మీద లెక్క చెబుతున్నాడనీ, చారుమతి చేతి కట్టు మీద ఎవరో ఊరి పటం గీశారనీ. విశ్వేశ్వర్ ఆమె వైపు తిరిగి ఏదో అన్నాడు. మజ్జిగ చిలికే చప్పుడులో సరిగా వినబడలేదు.

ఎవరో భుజం కదుపుతున్నారు. కళ్ళు తెరిస్తే చారుమతి.

"అయిదున్నర దాటి పది నిమిషాలైంది. నాన్న లేపొద్దన్నారు. డాక్టరుగారు లేపమన్నారు కదా అని నేనే లేపాను." పిల్ల తల్లి ముఖంలోకి వింతగా చూసింది. "నువ్వు నోరు తెరుచుకుని పడుకుంటావా అమ్మా?"

ఆరేళ్ళ తర్వాత ఆమెకు తెల్లవారింది. నిన్నటి రోజు నిన్నలోనే ఉండిపోయింది. ఆమె దుప్పటి పక్కకు తోసి, లేచి, ముఖం కడుక్కుని, కూతురితో సముద్రానికి నడిచింది. ఆరోజు చారుమతి వెనకబడింది.

అక్కణ్ణుంచి అన్నీ మంచి రాత్రులే రాలేదు. మధ్యలో మూడు రోజులు మళ్ళీ కుర్చీ, మళ్ళీ వెల్లుల్లి. కానీ అప్పటికి ఆమెకు భయం పోయింది. రాకపోతే రేపు వస్తుంది, అయిదున్నరకు లేస్తే చాలు అనుకునేది. పన్నెండు పదకొండున్నర అయింది, తర్వాత పదకొండు అయింది. రెండో నెల చివర తీసిన గీత ఎత్తు, పాతదానిలో మూడో వంతు. ఆ మాట పోలేదు. అడిగితే ఈనాటికీ అక్షరం పొల్లుపోకుండా చెబుతుంది. అది ఒక గురువారం, ఆసుపత్రి వరండాలో, పిల్ల చెయ్యి విరిగిన కంగారులో భర్త అన్న మాట. అప్పటి మాట.

రెండు నెలల గడువు తీరిన రోజున వామనమూర్తి గదిలో ఆమె రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది. ఒకటి పైడిరాజు గీతలు, రెండోది తనవి.

"గింజ బజారులోకి వెళ్ళదండీ," అంది. "ఇప్పటికే ఉన్న అరవై మందివీ తీసెయ్యాలి. పదిమంది చొప్పున ఇక్కడికి పిలుద్దాం. కింది అంతస్తు ఖాళీ చేయిస్తే చాలు. రహమతున్నీసా గారు నేర్పుతారు, నేను సాయం చేస్తాను."

"పదకొండేళ్ళ కష్టం సుభాషిణీ. నీ పేరు లోకమంతా తెలిసేది."

"తెలిసేదే. తిట్టుకుంటూ తెలుసుకునేవాళ్ళు. ఆ తిట్టు ఎన్నేళ్ళకీ పాతబడేది కాదు."

ఆయన నవ్వలేదు గానీ కాగితాలు తన వైపు జరుపుకున్నాడు. వారంలోగా ఉత్తరాలు వెళ్ళాయి. అరవై మందిలో యాభై ఇద్దరు ఒప్పుకున్నారు. ఎనిమిది మంది మాకు బాగానే ఉంది, తీయించుకోం అన్నారు. ఓడరేవులో పనిచేసే ఒకాయన మా తమ్ముడు చేసిన మోసం నేను మరిచిపోదలచుకోలేదని రాశాడు. వాళ్ళను బలవంతపెట్టే హక్కు తనకు లేదని సుభాషిణి తెలుసుకుంది. ఏడాదికోసారి ఉత్తరం రాస్తూ ఉండాలని మాత్రం నిర్ణయించింది.

మూడో జట్టు మొదలైన రోజున, పేర్లు పిలుస్తుంటే, చివరి కుర్చీలో వామనమూర్తి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఇంటినుంచి తెచ్చుకున్న తలగడ ఉంది. రహమతున్నీసా రిజిస్టరులో ఆయన పేరు రాసుకుని, "కాఫీ మధ్యాహ్నం లోపలే," అని చెప్పింది. పైడిరాజు ఆ జట్టుకు తన అనుభవం చెప్పడానికి వచ్చాడు. పగటి డ్యూటీకి మారాడు. పాడేరు బండే, ఆ దారే. కొండరాళ్ళ దగ్గర బండి నెమ్మది చేస్తానని, అది మాత్రం ఎప్పటికీ మానుకోనని చెప్పాడు.

ఆ సాయంత్రం జట్టులో వాళ్ళ కుటుంబాలకు కింది అంతస్తులో టీ ఇచ్చారు. విశ్వేశ్వర్ కూడా వచ్చాడు. నలుగురూ చేరి సుభాషిణిని మెచ్చుకుంటుంటే అతనికి హుషారెక్కింది.

"మా ఆవిడ నిద్రని కనిపెట్టింది," అన్నాడు అందరికీ వినబడేలా. "అంతకుముందు మనమంతా ఊరికే కళ్ళు మూసుకునేవాళ్ళం."

అందరూ నవ్వారు. సుభాషిణికి చెవులు వేడెక్కాయి. అరవై మంది జీవితాలతో ఆడుకున్నానన్న బాధ తనకు ఉండనే ఉంది, దాన్ని పట్టుకుని పదిమందిలో వేళాకోళమా అనిపించింది. దారంతా కారులో మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక అన్నం వడ్డించి తనూ తింది గానీ నోరు విప్పలేదు. విశ్వేశ్వర్ రెండుసార్లు ఏమైందని అడిగి ఊరుకున్నాడు. పదకొండుకు అతనివైపు వీపు తిప్పి పడుకుంది. కోపంతో నిద్ర రాదనుకుంది. కాసేపటికి లేచి కుర్చీలో కూర్చుని, నాలుగు వెల్లుల్లిపాయలు ఒలిచి, ఆవలింతలు రాగానే మళ్ళీ వెళ్ళి పడుకుంది.

అయిదున్నరకు మెలకువ వచ్చింది. కిటికీలో తెల్లగా వెలుతురు. మంచం మీదే ఉండి తన మనసులోకి చూసుకుంది. కోపం ఉంది. నిన్న రాత్రి ఉన్నంత లేదు. ఒక మనిషిని కూర్చోబెట్టి తిట్టడానికి సరిపడా మిగిలింది.

లేచి కాఫీ కలిపి, రెండు గ్లాసులూ బాల్కనీలో పెట్టి, మొగుణ్ణి లేపి తీసుకొచ్చి, తిట్టింది.